ఒక్కరే అడిగారు

నాన్నకి నీ పెద్దమ్మాయి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అల్లుడికి దగ్గు తగ్గింది. అమ్మ చేతికట్టు విప్పేశారని చదివాక నా మనసు కుదుటపడింది. ఫోన్లో చెప్పే మాటలకి ఉత్తరం దేనికంటావేమో. ఫోన్లో అయితే నేను అసలు సంగతికి వచ్చేలోపే "సరేలేమ్మా, తిన్నావా" అని మాట మార్చేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు నువ్వడిగినవి. నువ్వు కుట్టి పంపిన చొక్కా బ్రహ్మాండంగా కుదిరిందని రాయమన్నారు మీ అల్లుడు. నేను నీ కూతుర్ని కదా, ఊరుకుంటానా. కొత్త చొక్కా తొడిగిన ప్రతివాడినీ పై అరలో డబ్బా అందుకున్నట్టు చేతులెత్తమంటావే, అలాగే ఎత్తమన్నాను. కుడి చంక దగ్గర పట్టేసింది. మామగారు కుట్టిందని మొహమాటపడి నెలరోజులుగా చేతులు దించుకునే తిరుగుతున్నారు పాపం. తిప్పి పంపుతున్నాను, కాస్త వదులు చెయ్యి.

రెండోది, "జనం రాసి పంపేవి మీ ఆఫీసులో నిజంగా చదువుతారా, బుట్టలో పడేస్తారా" అని అడిగావు. చదువుతాం నాన్నా. అదే నా ఉద్యోగం. మందుల వేళకి గంట కొట్టే మా యాప్ గురించి ఎవరేం రాసినా ముందు నా దగ్గరికే వస్తుంది. అందులోంచి చేయాల్సిన పనులన్నీ ఒక జాబితాకెక్కుతాయి. దాన్ని మేం బ్యాక్‌లాగ్ అంటాం. కుట్టాల్సిన గుడ్డలకి చీటీలు గుచ్చి నువ్వు అరలో పేరుస్తావే, అలాంటిదే. రెండు వారాలకోసారి పైనున్న నాలుగైదు పనులు దించి, చేసి, వాడేవాళ్ళ ఫోన్లలోకి పంపిస్తాం. మళ్ళీ వాళ్ళేమంటారో చూసుకుని వరస మారుస్తాం. ఏది పైన ఉండాలి, ఏది అడుగున ఉండాలి అన్నది నేనే తేల్చాలి.

నేను తేల్చే పద్ధతి తేలిక. ఎక్కువమంది అడిగింది పైకి, తక్కువమంది అడిగింది కిందికి. గంటకి బదులు పాట వినిపించమని మూడువందల పన్నెండు మంది రాశారు. అది పైకెక్కించాం, చేశాం, అందరూ మెచ్చుకున్నారు. మా మేనేజరు నన్ను నలుగురిలో పొగిడితే, ఆ ముచ్చట నీకు రెండు పేజీలు రాశాను కూడా. రాయని సంగతి ఒకటుంది.

చలికాలం మొదట్లో పేరు లేకుండా ఒక సందేశం వచ్చింది. "గంట మోగుతుంది కానీ నేను లేచి వచ్చేసరికి ఆగిపోతుంది. మాత్ర ఇచ్చానో లేదో గుర్తుండటం లేదు. ఇచ్చాను అని నొక్కేదాకా మోగుతూ ఉంటే మేలు." అంతే. మా దగ్గర యాప్‌లో తప్పులు వెతికే టెస్టర్ ఒకరున్నారు. ప్రతిదాన్నీ శంకిస్తారని ఆయన్ని అనుమానం గారు అంటాం. ఆయన అది చదివి, "మేడమ్, గంట మోగడం వేరు, మాత్ర నోట్లో పడటం వేరు. దీన్ని పైకి తెద్దాం" అన్నారు. "ఒక్కరి కోసం అందరి పనీ ఆపమంటారా" అన్నాను. ఆ పని పక్కన నా చేత్తో నేనే రాశాను: ఒక్కరే అడిగారు, గంట సరిగానే మోగుతోంది, వాడేవారి అజాగ్రత్త. రాసి అట్టడుక్కి తోసేశాను.

ఆరు వారాల తర్వాత అదే ఖాతా నంబరుతో రెండోది వచ్చింది. అది నాకు కంఠతా వచ్చేసింది. "మిషను పెడల్ మీంచి కాలు తీసి వచ్చేసరికి గంట ఆగిపోయింది. ఇవ్వలేదనుకుని మా ఆవిడకి రక్తపోటు మాత్ర రెండోసారి ఇచ్చాను. కళ్ళు తిరిగి పడిపోయింది, మణికట్టు విరిగింది. ఇది తయారుచేసిన పిల్లల్ని తప్పుపట్టడం లేదు. వాళ్ళకి ఎన్ని పనులో. మా అమ్మాయి కూడా ఇలాంటి ఆఫీసులోనే చేస్తుంది. వీలు చూసుకుని సరిచేయండి."

మిషను పెడల్ అన్న దగ్గరే నువ్వు గుర్తొచ్చావు. ఇంటికొచ్చి, అమ్మ తడి నేల మీద కాలుజారి పడిందని నువ్వు రాసిన ఉత్తరం తీశాను. రెండూ ఒకే వారంలో రాసినవి. "మీ గంట బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా" అని కూడా ఉంది అందులో. కూతురికి చెప్పలేని మాట కంపెనీకి చెప్పుకున్నావు. అక్కడ కూర్చుని దాన్ని తోసేసింది ఆ కూతురే. చాలాసేపు ఏడ్చాను నాన్నా.

మర్నాడు మీటింగులో ఆ రెండు సందేశాలూ, వాటి కింద నేను రాసిన మాటలూ అందరికీ చదివి వినిపించాను. రాసింది మా నాన్నే అని చెప్పాను. అనుమానం గారు కుర్చీ నా పక్కకి జరుపుకుని, "ఎక్కణ్ణుంచి మొదలుపెడదాం మేడమ్" అన్నారు. ముందు, యాప్ వాడే ముప్పైమందికి ఫోన్లు చేశాం. వాళ్ళలో తొమ్మిదిమంది ఎప్పుడో ఒకప్పుడు మాత్ర రెండుసార్లు వేసినవాళ్ళే. మాకెందుకు రాయలేదంటే, మా మతిమరుపుకి మీరేం చేస్తారమ్మా అన్నారు.

సోమవారం నీ ఫోన్లోకి కొత్తది వస్తుంది. ఇచ్చాను అని నొక్కేదాకా గంట ఆగదు. నొక్కాక, ఎన్నింటికి ఇచ్చావో పెద్ద అక్షరాల్లో రాత్రి దాకా కనిపిస్తూనే ఉంటుంది. నీకు మతిమరుపూ లేదు, అజాగ్రత్తా లేదు. ఆ మాట రాసినందుకు నన్ను క్షమించు. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు. తిడితే నన్నే తిట్టమను.

వారం రోజులు వాడి నాకు రాయి. కంపెనీకి కాదు, నాకు. బ్రహ్మాండంగా ఉందని మాత్రం రాయకు. ఎక్కడ పట్టేస్తోందో రాయి.

ఇట్లు,
నీ చేతులెత్తించి చూడటం మరిచిపోయిన
నీ పెద్దమ్మాయి