హంసల మెడలు

మే 4, ఆదివారం

పీహెచ్‌డీ నేను మానేశానా, మాన్పించారా? పద్దెనిమిదేళ్లుగా ఇదే ప్రశ్న. సదానందం ఎన్నడూ మానెయ్యమనలేదు. నీ ఇష్టం అన్నాడు. అని, కంచం ముందు నుంచి లేచిపోయాడు. మొగుడు అన్నం మానేస్తే పెళ్లాం చదువు మానెయ్యాలని ఏ రూల్‌లో ఉంది?

ఇవాళ అటక మీంచి ఆ థీసిస్ నోట్స్ దింపాను. ఇక్కడి కోట తోరణం మీది హంసల స్కెచ్‌లు. పరకాల రోడ్డులో కొత్త రిసార్ట్ వాళ్లు మా ఆయన పోసే సిమెంటు బొమ్మలు చూసి, గార్డెన్‌లోకి పన్నెండు హంసలు కావాలన్నారట. మార్కెట్లో దొరికేవి బాతుల్లా ఉంటాయి. నావి అలా ఉండవు.

మే 10

మోల్డు అయింది. మాకు ఇసుక జల్లించి పెట్టే పక్కింటి లాల్‌బీ చూసి, ఇవి హంసలు గావు బిడ్డా, ఒంటెలు, జర మెడలు తగ్గియ్యి అంది. తగ్గించలేదు.

మే 19

పన్నెండూ పోశాం. ఎనిమిది గట్టిపడ్డాయి. చివరి నాలుగింటికి నిన్ననే మోల్డు విప్పాం. వారం రోజులు గోనెసంచులు కప్పి తడుపుతూనే ఉండాలి. ఈ ఎండలకు రోజుకు మూడుసార్లు. తడి ఆరిపోతే పైకి బాగానే ఉంటాయి, లోపల పిండి. తడపడం నా పని. ఆయనకు గుర్తుండదు.

మే 20

లోకల్ చానల్ వాళ్లు వచ్చారు. సదానందం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డిజైన్ ఎవరిదని అడిగితే, అంత నా ఐడియానే, చిన్నప్పటి సంది కోట చూసుకుంట పెరిగిన అన్నాడు. మరి మేడమ్ ఏం చేస్తారని అడిగారు. నీళ్లు కొడ్తది అన్నాడు. అందరూ నవ్వారు. నా చేతిలో పైపు ఉంది. నేనూ నవ్వాను. అది కెమెరాలో పడే ఉంటుంది.

వాళ్లు పోయాక లాల్‌బీ, ఫికర్ చెయ్యకు బిడ్డా, మొగోని మూతికాడ మైకు వెడితె గంతే, మా ఆయనైతె తాజ్‌మహల్ గుడ నేనే కట్టిన అంటడు అంది.

మే 21

తలనొప్పి. పడుకున్నా.

మే 22

ఎండ నలభై నాలుగు. నోట్స్ చదువుతూ కూర్చున్నా. మంచి చాప్టర్లే రాశాను.

మే 24

సాయంత్రం గోనెసంచులు ఎత్తి చూశాను. కరకరలాడుతున్నాయి. గబగబా నీళ్లు పట్టాను. మంచిగ తడుపుతున్నవ్ గదా అని సదానందం లోపలి నుంచి అడిగాడు. ఆఁ అన్నాను.

మే 27

ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆ నాలుగింటికీ మెడలు విరిగాయి. తలలు ఇనుప చువ్వలకు వేలాడాయి.

సదానందం లాల్‌బీ మీద పడ్డాడు. ఇసుకల మట్టున్నది, ఏం జల్లించినవ్, ముచ్చట్లు వెట్టుడు తప్ప నీకేం రాదన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె తన జల్లెడ తీసుకుని, అల్లా చూస్తాండు సార్ అంది. కానీ చూసింది నా వైపు. ఇరవై ఒకటి నుంచి మూడు రోజులూ ఆమె తర్వాతి పనికి మా పెరట్లోనే ఇసుక జల్లించింది. నల్లా తిప్పిన చప్పుడు లేదని ఆమెకు తెలుసు.

నేను వేలాడుతున్న తలల మీద గోనెసంచి కప్పాను.

మే 28

లాల్‌బీ రాలేదు.

మిగిలిన ఇసుక పిడికిట్లోకి తీసుకుని చూశాను. ఒక్క మట్టిపెళ్ల లేదు.

నీళ్లు పట్టడం మరిచిపోయానా, మానేశానా. తేల్చుకోలేకపోతున్నాను.