గూడు మార్చిన పిల్ల

అక్కా,

మా బొంగరం పిల్ల క్షేమంగా చేరిందని బావ ఫోన్ చేశాడు. నోటితో చెప్పడం చేతకాక ఇది రాస్తున్నాను. పిల్లను సెలవులకు పంపుతున్నానని నీతో అన్నాను కదా, అది నిజం కాదు.

నా పనేమిటో నీకు తెలుసు. "ఎలుకల ఆయా" అని బావ ఏడిపిస్తుంటాడు. మా ల్యాబులో రెండు రకాల చిట్టెలుకలున్నాయి. ఒక రకానికి పుట్టుకతోనే ఉరుకులు పరుగులు. బోనులో చక్రం పెడితే ఇక దిగవు. రెండో రకం తిని, ముడుచుకుని పడుకుంటాయి. ఉరికే రకం పిల్లలను పుట్టిన రోజే తీసి నెమ్మది తల్లి గూట్లో పెడతాను. పరాయి వాసన తగిలితే అది దగ్గరకు రానివ్వకపోవచ్చు. అందుకని ముందే ఆ గూట్లోని చెక్కపొట్టు తెచ్చి పిల్లల ఒంటికి రాస్తాను. పెరుగుతున్నకొద్దీ ఎంత ఉరుకుతున్నాయో మిషన్ లెక్కగడుతుంది. ఉరుకు తగ్గితే పెంపకం, తగ్గకపోతే రక్తం. తీరా చూస్తే రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎంతో విడదీయడానికే మా తలప్రాణం తోకకొస్తోంది.

బొంగరం క్లాసులో బెంచీ మీద నిలవడం లేదు. తిండి దగ్గరా అంతే. టీచరమ్మ నన్ను పిలిపించి, "ఇంట్లో ఏమైనా గొడవలా అండీ?" అని అడిగింది. ఏ ఉద్యోగంలోనూ నిలవక, చివరికి ఇంట్లోనూ నిలవక వెళ్ళిపోయిన మనిషి కూతురు మరి. ఆయన పోలికే అనుకుంటే నాకు హాయి. నా పెంపకమేనేమో అన్న భయం మాత్రం నన్ను తినేస్తోంది.

అందుకే పంపాను. మీ ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు లేరు. కొత్త బట్టలు, కొత్త దుప్పటి కొనిచ్చాను. మా ఇంటి వాసన ఉన్న వస్తువు ఒక్కటీ సంచిలో పెట్టలేదు. రోజూ ఎన్నిసార్లు లేచి తిరుగుతోందో లెక్కపెట్టి రాయి. నీ దగ్గర కుదురుకుంటే తప్పు నాదే. అప్పుడు దాన్ని నీ దగ్గరే ఉంచేసుకో. ఇది ఏడవకుండానే రాస్తున్నాను.

నీ చెల్లి

*

పిచ్చి మొహమా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. సగంలో లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ మనిషి కుర్చీలోంచి లేవడమే ఒకప్పుడు వింత. ఇప్పుడు పిల్ల వెనక తిరిగి తిరిగి రొప్పుతున్నాడు. నువ్వు రాసిన నిమ్మళమైన ఇల్లు ఇప్పుడు మా దగ్గర లేదు.

లెక్కపెట్టమన్నావు. పెట్టలేదు. ఎందుకు లేస్తోందో మాత్రం చూశాను. వీధిలో బస్సు ఆగిన చప్పుడైతే చాలు, తింటున్నది వదిలేసి గేటు దగ్గరకు పరుగు. "ఎవరొచ్చారే?" అంటే, "ఎవరూ రాలేదు పెద్దమ్మా, ఊరికే చూశా" అంటుంది. కొత్త దుప్పటి కప్పుకోనంటుంది. ఎందుకే అంటే, "దీనికి ఏ వాసనా లేదు" అంది.

ఇంకో మాట. రక్తం పేరు చెప్పి ఆ వెళ్ళిపోయినవాణ్ణి ఆడిపోసుకున్నావు. నీకు నిజంగా గుర్తు లేదా? ఈ వయసులో నువ్వు దీనికంటే నాలుగాకులు ఎక్కువే చదివావు. నీకు జడ వెయ్యడానికి అమ్మ దువ్వెన పట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఒక పాయ వంటింట్లో, ఒక పాయ మెట్ల మీద. బళ్ళో కూడా "ఈ పిల్లతో మావల్ల కాదు" అన్నారు. "నా దగ్గర వదిలెయ్ వదినా, నాలుగు తగిలించి కుదురు నేర్పిస్తా" అని అత్తయ్య అంది. అమ్మ నీ జడ వదలకుండానే, "ఇది నా దగ్గరే ఉరుకుతుందిలే" అంది. అమ్మ నిన్ను ఎవరింట్లోనూ పెట్టి చూడలేదు.

ఆదివారం వస్తున్నాం. దానికింకా చెప్పలేదు, చెబితే ఈ క్షణమే బయల్దేరమంటుంది. బస్సు దిగగానే నా చెయ్యి విదిలించుకుని పరిగెత్తుతుంది. నేను ఆపను. నువ్వు వాకిట్లో ఉండు.

అక్క