నా పేరు పక్కన బి.ఏ.

మంగళవారం, మదనపల్లె

ఉద్యోగానికి సర్టిఫికెట్లు పట్టుకుని కుప్పంలో ఒక ఆఫీసుకు వెళ్లాను. "ఈ యూనివర్సిటీ దూరవిద్యకు గుర్తింపు లేదమ్మా. చేరేముందే సూసుకోవాల గదా" అన్నాడు అక్కడి గుమాస్తా.

మా టమోటా మండీలో పెట్టె అడుగు చూడకుండా ఎవరూ వేలం పాడరు. అక్కడే పనిచేస్తూ నేను మాత్రం, ఆదివారం క్లాసులుంటే చాలని ఆ యూనివర్సిటీ పుంగనూరు సెంటర్లో చేరిపోయాను. మూడేళ్లు నిజంగానే చదివాను...

ఇంటికొస్తే చెల్లి పెళ్లికార్డులు అచ్చయి వచ్చాయి. కింది మూలన నా పేరు, పక్కన బి.ఏ. చదవడం రాని నాన్న దాని మీద వేలు పెట్టి, "ఇదేనామ్మా నీ డిగ్రీ?" అన్నాడు.

"అవును నాయనా" అన్నాను.

తర్వాత ఇద్దరం కార్డుల మూలలకు పసుపు రాశాం. ఆ రెండక్షరాలకు అంటకుండా నాన్న ఎంత జాగ్రత్తపడ్డాడో.