భుజం మీద జడ

మంగళవారం, అరోరా

ఈ రోజు నేను జడను జబ్బనుకున్నాను.

ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మచ్చ కనిపించింది. పేషెంట్ పేరు చూస్తే మన తెలుగావిడ. ఇండియా నుంచి ఈ దేశానికి వచ్చిన మనిషి కదా, టీబీ కావచ్చని డ్రాఫ్ట్ రిపోర్ట్‌లో రాసేశాను. నాకు ఎక్స్‌రేలు చదవడం నేర్పే సీనియర్ డాక్టర్ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది. ఆ మచ్చ ఊపిరితిత్తి దాటి, ఎముక దాటి మెడ దాకా పోతోంది. "లోపలిది కాదు, జుట్టు" అని నవ్వింది. మా సీనియర్ ఎప్పుడైనా జడ వేసుకుందా? వేసుకున్నది నేను, గుర్తుపట్టింది తను.

జడ పైకి ముడి వేయించి మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. జరిగిందీ, నేను తెలుగుదాన్నన్న సంగతీ ఎక్స్‌రే తీసిన టెక్నీషియన్ చెప్పినట్టున్నాడు, ఆ గదికి ఫోన్ చేస్తే పేషెంటే పలికింది.

"ఏమ్మా, నా జడ చూసి భయపడ్డావంట! నువ్వెప్పుడూ జడేసుకోలేదా?"

"చిన్నప్పుడు వేసుకునేదాన్ని, ఆంటీ."

"మరి తెలీలేదా తల్లీ!"

నవ్వి, పెట్టేసింది. లైన్ తెగిపోయినా నేను కాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను. ఎక్స్‌రేలు చూసే మా చీకటి గదిలో అందరూ స్క్రీన్లతోనే మాట్లాడతారు. ఈ వారంలో ఎవరైనా నన్ను తల్లీ అన్నారా...

ఆవిడకు జడ ఎవరు వేస్తారో అడగాల్సింది.

ఇంటికొచ్చి అద్దం ముందు నా జుట్టు మూడు పాయలు తీశాను. రెండు మెలికలకే అయిపోయింది. చెయ్యి వదలగానే విడిపోయింది.