పోయని ఒడిబియ్యం

సిరిసిల్ల, శుక్రవారం

తంగళ్ళపల్లిలో పెళ్లయిన చెల్లెలికీ మరిదికీ పుట్టింటి దీవెనగా ఒడిబియ్యం పోసి, తిరిగి కోరుట్ల పోతూ అమ్మ నేనూ స్వరూపా కలిసి ఉండే గదికి వచ్చింది. స్వరూప చాయ్ పెడుతుంటే నన్ను మెల్లగా అడిగింది.

"మీ ఇద్దరు ఆడపిల్లల లగ్గం ముచ్చట కోర్టు ఏమన్నదే?"

"చట్టం పార్లమెంటే చెయ్యాలన్నదమ్మా."

"మరి గాళ్లు చేసిన్రా?"

"లేదు."

అమ్మ సంచిలోంచి పసుపు కలిపిన బియ్యం మూట తీసి నా చేతిలో పెట్టింది. "చెల్లెకు కలిపినప్పుడే నీకూ కలిపిన. ఇప్పుడు పోస్తే నలుగురు నవ్వుతరు బిడ్డా. చట్టమచ్చినంక అచ్చి మీ ఇద్దరికీ పోస్త. దాచిపెట్టు."

కోర్టు పార్లమెంటును చూపింది, అమ్మ చట్టాన్ని చూపింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. నిద్ర రాక రెండుసార్లు లేచి మూట విప్పి చూశాను.

పసుపు కలిపిన బియ్యానికి పురుగు పట్టదంటారు. ఎన్నేళ్ల వరకు?