ముల్లు సగంలో, బిళ్ళ అడ్డంగా

బాబాయ్ గారికి, మీ పిచ్చుక నమస్కరించి రాస్తున్నది.

ఆసుపత్రి గేటు దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. మీ మొహం చూసే ధైర్యం లేక ఈ ఉత్తరం.

పంపుహౌస్‌లో చేరిన మొదటి రోజు మీరు నా చేత చక్రం పట్టించి చెప్పింది ఇంకా చెవుల్లోనే ఉంది. "పైపు లోపల పళ్ళెంలాంటి బిళ్ళ, దాని నడుమ ఇరుసు. బిళ్ళ నీటి వాలుకి నిలబడితే దారి, అడ్డం తిరిగితే గోడ. బటర్‌ఫ్లై వాల్వ్ అంటే అంతేనే. మూసేటప్పుడు మాత్రం నిదానం. పరిగెత్తే నీళ్ళని ఒక్కసారిగా ఆపావో, పైపులే పగులుతాయి."

ఆ రోజూ నిదానంగానే తిప్పాను బాబాయ్. వాల్వు ఎంత తెరిచి ఉందో చూపించే ముల్లు సగం దగ్గర ఉండగానే భళ్ళుమంది. జాయింటు ఊడొచ్చి మీ కాలి మీద పడింది. 'చక్రం తొందరగా తిప్పింది' అని ఇంజనీరు గారు రాసేసుకున్నారు. ఈ నెలలో ఖాయం కావాల్సిన ఉద్యోగం విచారణలో పడింది. అది సరే, మీరూ అలాగే అనుకుంటున్నారా? అది తేలక ముద్ద దిగడం లేదు.

మీ పిచ్చుక

*

పిచ్చుకమ్మకి దీవెనలు.

నేను చెబుతుంటే మీ పిన్ని రాస్తోంది. తప్పులుంటే ఆవిడవే. కాల్లో కడ్డీ వేశారు. ఇన్నేళ్ళూ ఇనుముతో పని చేశాను, ఇప్పుడది నాలోనే కాపురం పెట్టింది.

నువ్వు తొందరపడే మనిషివి కాదు. ఏడుపు ఆపి ఒక పని చెయ్యి. ఆ వాల్వుని పాత ఇనుములో పడేసేలోపు ఇంజనీరు ఎదురుగా విప్పించు. ఎందుకని అడక్కు.

బాబాయ్

(ఇది పిన్ని మాట: ఈయన కంటి మీద కునుకు లేదమ్మా. నొప్పా అంటే కాదంటాడు.)

*

బాబాయ్ గారికి,

విప్పించాం! పైన ముల్లు సగం తెరిచినట్టే చూపిస్తోంది. లోపల బిళ్ళ అడ్డంగా బిగుసుకుని ఉంది. ఇరుసుకీ బిళ్ళకీ మధ్య పిన్ను తెగిపోయింది. పట్టు వదిలేసరికి నీటి తోపుడే బిళ్ళని దభాలున మూసేసింది. నా చేతిలో ఉన్నది ఉత్త చక్రమే.

ఇంజనీరు గారు కళ్ళద్దాలు తుడుచుకుని, "తప్పు నీది కాదమ్మా, నేనే తొందరపడ్డాను" అన్నారు. అందరి ముందూ!

కానీ తెగినచోట సగం తుప్పు, సగం తళతళ. అంటే ఎన్నాళ్ళ నుంచో బీట ఉన్నట్టేగా? విప్పమని మీకెలా తోచింది?

పిచ్చుక

*

అమ్మా,

ఈసారి నేనే రాస్తున్నాను. మీ పిన్నికి చెప్పి రాయించే ధైర్యం లేదు.

ప్రమాదానికి పది రోజుల ముందు ఆ చక్రం తిప్పితే కాస్త ఖాళీగా తిరిగి, తర్వాత పట్టుకుంది. అంటే లోపల పిన్ను వదులైనట్టే. అప్పుడే షిఫ్టు పుస్తకంలో రాయాలి. రాస్తే లైను ఆపాలి, ఊరంతటికీ నీళ్ళు బంద్, పైవాళ్ళ చీవాట్లు. రేపు చూద్దాంలే అనుకున్నాను. నిన్ను నిలబెట్టి అడుగుతుంటే మూడు వారాలు నోరు మూసుకుని పడుకున్నాను. పిన్ను సాక్ష్యం చెబితే నా పేరు రాకుండానే నువ్వు బయటపడతావనుకున్నాను. అదీ పిరికితనమే.

ఇంజనీరుకి కూడా అంతా రాసి ఇవాళే పంపాను. నన్ను తీసేస్తే తీసెయ్యనీ. నువ్వు నన్ను బాబాయ్ అనకపోయినా తప్పు లేదు.

*

బాబాయ్,

రెండు రోజులు మీ ఉత్తరం ముట్టుకోలేదు. మూడో రోజు మళ్ళీ చదివాను. కోపం తగ్గలేదు. కానీ మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదన్న సంగతీ తెలుసు.

ఇంజనీరు గారు మీ ఉత్తరం మా అందరికీ చదివి వినిపించారు. ఆ వారమే మిగతా పదకొండు చక్రాలూ ఒక్కొక్కటి చేత్తో ఆడించి చూశాం. రెండు ఖాళీగా తిరిగాయి! ఈసారి పుస్తకంలో రాసింది నేనే. నిన్న నా ఉద్యోగం ఖాయమైంది. మిమ్మల్ని మేస్త్రీ పదవి నుంచి దించారు, పని నుంచి తియ్యలేదు. "చేతికి తెలిసేది పుస్తకంలోకి ఎలా రావాలో కొత్తవాళ్ళకి ఆయనే చెప్పాలి" అన్నారు ఇంజనీరు గారు.

వచ్చే సోమవారం ఆ రెండింటినీ విప్పుతున్నాం. కర్ర పట్టుకునైనా రండి. కుర్చీ వేసి ఉంచుతాను. ముందు తనివితీరా తిడతాను, తర్వాత పని మొదలుపెడదాం.

మీ పిచ్చుక