ఫ్లాపీలోకి ఎక్కని ఫోటో

మంగళవారం, రాత్రి

సనత్‌నగర్‌లోని బావ వర్క్‌షాపు కోసం నేను తయారుచేసిన మొదటి వెబ్ పేజీ చూపిస్తానని, సాయంత్రం బావని పంజగుట్ట నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఫ్లాపీ పెట్టి తెరిస్తే అక్షరాలన్నీ వచ్చాయి. బావ ఫోటో ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ డబ్బా, అందులో ఎర్రటి ఇంటూ గుర్తు.

"ఇక్కడి కంప్యూటర్ బాగోలేదు బావా" అనేశాను.

బావ ఊరుకుంటాడా? "ఏంటండీ, ఇలాంటి డొక్కు సిస్టమ్‌లు పెట్టారు?" అని సెంటర్ నడిపే అన్న మీద విరుచుకుపడ్డాడు. అందరూ తిరిగి చూశారు.

"జర మాఫ్ చెయ్యుండ్రి సార్. రేపు పొద్దుగాల మెకానిక్‌కు సూపిస్త" అన్నాడాయన.

ఇంటికి నడిచొస్తుంటే వెలిగింది. ఫోటో అమీర్‌పేటలో, మా ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. ఫ్లాపీలోకి పేజీ ఒక్కటే ఎక్కించుకున్నాను. పేజీలో కనిపిస్తోంది కదా, ఫోటో అందులోనే ఉంటుందనుకున్నాను, మొద్దుమొహందాన్ని.

చెప్పేద్దామని "బావా..." అన్నాను. "నీ తప్పేముందమ్మా" అన్నాడు. ఫ్లాపీని సంచిలోకి తోసేసి, ఇంటిదాకా వేరే కబుర్లు చెప్పాను.

రేపు ఆ కంప్యూటర్‌ని విప్పి, లేని రోగం వెతుకుతారు. నేను క్లాసుకి వెళ్లాల్సింది ఆ సెంటర్ ముందు నుంచే.